సప్లై చైన్‌ను ఒక తాటిపైకి తేవడం ఎలా: చిన్న, మధ్య తరహా ఫ్యాక్టరీలకు సమగ్ర మార్గదర్శి

ఫ్యాక్టరీలో డబ్బు ఎక్కడ పోతోందని యజమానిని అడిగితే ముందుగా కరెంటు బిల్లు, జీతాలు, స్టీలు ధర చెబుతారు. అవి కళ్లకు కనిపించే ఖర్చులు. స్టోర్స్‌లో ఒక గంట నిలబడితే కనిపించేది వేరు. ఒక ర్యాక్‌లో ఆరు నెలలకు సరిపడా బోల్టులు దుమ్ము పట్టి ఉంటాయి. రేపు ఉదయం డిస్పాచ్ చేయాల్సిన అసెంబ్లీకి కావాల్సిన రబ్బరు సీలు మాత్రం ఒక్కటీ ఉండదు. ప్లేటింగ్‌కి పంపిన పార్టులు ఎప్పుడొస్తాయో పర్చేజ్‌కి తెలియదు. కస్టమర్‌కి సేల్స్‌వాళ్లు ఏ తేదీ చెప్పారో ప్రొడక్షన్‌కి తెలియదు. సరుకు ఎక్కువై డబ్బు ఇరుక్కుపోవడం, సరుకు లేక లైన్ ఆగిపోవడం, ఈ రెండూ ఒకే ఫ్యాక్టరీలో ఒకే రోజు జరుగుతుంటాయి.

సప్లై చైన్ ఇంటిగ్రేషన్ అనగానే అది పెద్ద కంపెనీల వ్యవహారం, ఖరీదైన సాఫ్ట్‌వేర్ కావాలి అనుకుంటారు. నిజానికి మీ విభాగాలు, మీ సప్లయర్లు, మీ కస్టమర్లు ఒకే అంకెలు చూసి ఒకే ప్లాన్ మీద పనిచేయడమే ఇంటిగ్రేషన్. జీడిమెట్లలోనో, చర్లపల్లిలోనో, శ్రీసిటీలోనో వందమందితో నడిచే యూనిట్‌కి ఇది పెద్ద కంపెనీకంటే ఎక్కువ అవసరం. పెద్ద కంపెనీకి తప్పు జరిగితే తట్టుకునే నగదు ఉంటుంది, చిన్న యూనిట్‌కి బ్యాంకు క్యాష్ క్రెడిట్ లిమిటే దిక్కు.

దీనివల్ల సంస్థ పనితీరు నిజంగా మెరుగవుతుందా అన్న ప్రశ్న మీద చాలా పరిశోధన జరిగింది. 2001లో ఫ్రోలిక్, వెస్ట్‌బ్రూక్ అనే పరిశోధకులు 322 తయారీ సంస్థలను పరిశీలించారు. అటు సప్లయర్లతో, ఇటు కస్టమర్లతో రెండువైపులా గట్టిగా కలిసి పనిచేసే సంస్థల్లోనే ఫలితాలు అందరికన్నా బాగున్నాయని తేల్చారు. 2010లో ఫ్లిన్, హువో, జావో చైనా తయారీ సంస్థల మీద చేసిన అధ్యయనం ఇంకో ముఖ్యమైన సంగతి చెప్పింది. పనితీరుతో గట్టి సంబంధం కనిపించింది సంస్థ లోపలి ఇంటిగ్రేషన్‌కి, కస్టమర్‌తో ఇంటిగ్రేషన్‌కి. సప్లయర్ వైపు చేసిన పనికి సంబంధం అంతకన్నా తక్కువ.

మన దగ్గర చాలామంది దీనికి సరిగ్గా తలకిందులుగా మొదలుపెడతారు. ముందు సప్లయర్ మీద పడతారు. ఇంట గెలిచి రచ్చ గెలవాలన్న మాట ఈ పనికి అక్షరాలా వర్తిస్తుంది. మీ లోపలి ప్లాన్ రోజుకోసారి మారుతుంటే సప్లయర్‌తో ఎంత బాగా కనెక్ట్ అయినా మీ గందరగోళం ఆయనకు ఇంకాస్త వేగంగా చేరుతుంది, అంతే. అందుకే కింది అడుగుల వరుస మార్చవద్దని నా గట్టి మాట.

మొదటి అడుగు: ఇప్పుడు ఎక్కడున్నారో రాసిపెట్టుకోండి

ఏ మార్పూ మొదలుపెట్టకముందే గత మూడు నెలలకు నాలుగు లెక్కలు తీయండి.

మొదటిది, చెప్పిన తేదీకి పూర్తిగా పంపిన ఆర్డర్ల శాతం. ఆర్డర్‌లోని ప్రతి లైన్‌కి అడిగిన మొత్తం, అడిగిన తేదీకి, రిజెక్షన్ లేకుండా వెళ్లిందా అని చూడాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. చాలా ఫ్యాక్టరీల్లో ఇది 95 శాతం అని చూపిస్తారు, ఎందుకంటే కస్టమర్‌ని బతిమాలి మార్పించుకున్న తేదీతో పోలుస్తారు. కస్టమర్ మొదట అడిగిన తేదీతోనే పోల్చండి. అంకె బాగా పడిపోతుంది, అయినా అదే నిజం.

రెండోది, సరుకు ఎన్ని రోజులకు సరిపడా ఉందన్నది. ముడిసరుకు, లైన్‌లో ఉన్నది, తయారైనది వేర్వేరుగా తీయండి. మూడోది, మెటీరియల్ లేక లైన్ ఆగిన గంటలు. నాలుగోది, అర్జెంటు అని ప్రత్యేకంగా పెట్టిన ఆటోలు, టెంపోలు, కొరియర్ల ఖర్చు. ఈ నాలుగోది అకౌంట్స్‌లో మామూలు రవాణా ఖర్చులో కలిసిపోయి ఉంటుంది, విడదీయమని అడగాలి.

ఈ అంకెలు డబ్బుగా ఎలా మారతాయో ఒక ఊహా యూనిట్‌తో చూద్దాం. ఏడాదికి సరుకు తయారీ ఖర్చు 18.25 కోట్లు, అంటే రోజుకు 5 లక్షలు. స్టాకు 60 రోజులది. కస్టమర్ల దగ్గర బాకీ 75 రోజులు. సప్లయర్లకు మీరు చెల్లించేది 45 రోజులకు. 60కి 75 కలిపి 45 తీసేస్తే 90 రోజులు. సుమారుగా 4.5 కోట్లు ఎప్పుడూ వ్యాపారంలో ఇరుక్కుని ఉంటుందన్నమాట. వడ్డీ 10 శాతం అనుకుంటే ఏడాదికి 45 లక్షలు. స్టాకును 60 నుంచి 40 రోజులకు తగ్గించగలిగితే కోటి రూపాయలు బయటికొస్తాయి, ఏటా 10 లక్షల వడ్డీ మిగులుతుంది. కొత్త ఆర్డర్ ఒక్కటీ రాకుండానే.

రెండో అడుగు: ముందు ఇల్లు సర్దుకోండి

ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే, ఎక్కువ ఫలితం వచ్చేది కూడా ఇక్కడే.

స్టోర్స్ పుస్తకంలో ఉన్న అంకె, ర్యాక్‌లో ఉన్న అంకె ఒకటి కావాలి. ఏడాదికోసారి మార్చి 31న అందరూ కూర్చుని లెక్కపెట్టడం ఆడిటర్‌కి పనికొస్తుంది, ప్లానింగ్‌కి పనికిరాదు. వస్తువులను విలువను బట్టి మూడు వర్గాలు చేసి, ఖరీదైనవి వారానికోసారి, మధ్యవి నెలకోసారి, చిల్లర సామాను మూడు నెలలకోసారి లెక్కపెట్టండి. రోజుకు పది పన్నెండు ఐటమ్‌లు చూస్తే చాలు. తేడా వస్తే అంకె సరిచేసి వదిలేయకండి, ఎందుకు వచ్చిందో కనుక్కోండి. చాలాసార్లు దొరికేది ఇలాంటిదే: రాత్రి షిఫ్టులో ఇష్యూ స్లిప్ రాయకుండా మెటీరియల్ తీసుకెళ్లారు, లేదా రిజెక్ట్ అయిన పార్టుల బదులు ఇంకొన్ని తీసుకుని ఆ సంగతి ఎక్కడా రాయలేదు.

ఆ తర్వాత బిల్ ఆఫ్ మెటీరియల్స్. ఒక అసెంబ్లీకి ఏ పార్టులు ఎన్ని కావాలో చెప్పే ఆ జాబితా చాలా చోట్ల సీనియర్ సూపర్‌వైజర్ బుర్రలో ఉంటుంది, కంప్యూటర్‌లో ఉన్నది రెండేళ్ల కిందటిది. డ్రాయింగ్ మారినప్పుడల్లా అది కూడా మారాలి. ఆ బాధ్యత ఒకరి పేరు మీద ఉండాలి.

జాబ్ వర్క్‌కి వెళ్లిన సరుకును ప్రత్యేకంగా చూడమంటాను. హీట్ ట్రీట్‌మెంట్‌కి, ప్లేటింగ్‌కి, గ్రైండింగ్‌కి బయటికి వెళ్లిన పార్టులు మన గేటు దాటగానే ఎవరి లెక్కలోనూ ఉండవు. చలాన్ పుస్తకంలో మాత్రం ఉంటాయి. ఆ చలాన్లను తేదీల వారీగా ఒక షీటులో పెట్టి, ప్రతి జాబ్ వర్కర్ దగ్గర ఎన్ని ముక్కలు ఎన్ని రోజులుగా ఉన్నాయో చూడండి. జీఎస్టీ చట్టం ప్రకారం జాబ్ వర్క్‌కి పంపిన ముడిసరుకు ఏడాదిలోగా తిరిగి రావాలి, లేదా అక్కడి నుంచే సప్లై కావాలి. లేకపోతే పంపిన రోజే అమ్మినట్టు లెక్క కట్టి పన్ను వేస్తారు. కాబట్టి ఈ షీటు మీ ప్లానర్‌కీ, అకౌంటెంట్‌కీ ఇద్దరికీ పనికొస్తుంది.

ఇక మనుషుల సంగతి. పర్చేజ్ మేనేజర్‌ని రేటు ఎంత తగ్గించావని అడుగుతాం, ఆయన రేటు కోసం ఆరు నెలల సరుకు ఒకేసారి కొంటాడు. ప్రొడక్షన్ హెడ్‌ని ఎన్ని టన్నులు తీశావని అడుగుతాం, ఆయన సెట్టింగ్ మార్చడం ఇష్టం లేక ఒకే పార్టు మూడు రోజులు నడిపిస్తాడు. సేల్స్‌వాళ్లని నెలాఖరు బిల్లింగ్ ఎంతని అడుగుతాం, వాళ్లు సాధ్యం కాని తేదీలు ఒప్పుకుంటారు. ఎవరికి వారే యమునా తీరే. వాళ్లలో ఎవరూ చెడ్డవాళ్లు కాదు, మనం అడిగిన ప్రశ్నలే వాళ్లని తలో దారిలో నడిపించాయి. ముగ్గురికీ కలిపి రెండు అంకెలు ఇవ్వండి. ఒకటి చెప్పిన తేదీకి పంపిన శాతం, రెండోది స్టాకు రోజులు. వాళ్ల ఇన్సెంటివ్‌లో కొంత భాగం వీటికి ముడిపెట్టండి. ఇది యజమాని తప్ప ఇంకెవరూ చేయలేని పని.

రోజూ ఉదయం పావుగంట నిలబడి మాట్లాడుకునే మీటింగ్ పెట్టండి. సేల్స్, ప్లానింగ్, పర్చేజ్, స్టోర్స్, క్వాలిటీ నుంచి ఒక్కొక్కరు. ఈ రోజు, రేపు పంపాల్సినవాటికి ఏం తక్కువైంది, ఎవరు ఎప్పటికి తెస్తారు, అంతవరకే. నెలకోసారి మాత్రం కూర్చుని మాట్లాడాలి. రాబోయే మూడు నెలల అమ్మకాల అంచనా, దానికి కావాల్సిన మెషిన్ గంటలు, మెటీరియల్, నగదు. ఈ మీటింగ్ నుంచి ఒకే ప్లాన్ బయటికి రావాలి. సేల్స్‌కి ఒక అంచనా, ప్రొడక్షన్‌కి ఇంకో అంచనా, బ్యాంకుకి మూడో అంచనా ఉంటే మిగతా అడుగులన్నీ వృథా.

మూడో అడుగు: ఆర్డర్లు ఎందుకు ఎగిరెగిరి పడతాయో అర్థం చేసుకోండి

ఇంటి బయటికి వెళ్లేముందు ఒక లెక్క చూడాలి. షాపు, డిస్ట్రిబ్యూటర్, ఫ్యాక్టరీ అనే మూడు అంచెలు ఉన్నాయనుకోండి. ప్రతి ఒక్కరూ రెండు వారాల అమ్మకానికి సరిపడా స్టాకు ఉంచుకుంటారు. వారానికి 100 అమ్ముడవుతోంది, అందరి దగ్గరా 200 ఉన్నాయి. ఒక వారం అమ్మకం 110కి పెరిగింది.

షాపు అమ్మిన 110 తెప్పించుకోవాలి, స్టాకును 220కి పెంచుకోవాలి. ఆర్డర్ 130. డిస్ట్రిబ్యూటర్‌కి గిరాకీ 130గా కనిపించింది, ఆయన స్టాకు 260 కావాలి, ఆర్డర్ 190. ఫ్యాక్టరీకి 190 కనిపించింది, స్టాకు 380 కావాలి, ముడిసరుకు సప్లయర్‌కి పెట్టిన ఆర్డర్ 370. పది శాతం పెరిగిన గిరాకీ నాలుగో మనిషి దగ్గరికి చేరేసరికి మూడున్నర రెట్లు దాటింది. పై వారం అమ్మకం 110 దగ్గరే నిలబడితే షాపు 110 ఆర్డర్ పెడుతుంది, డిస్ట్రిబ్యూటర్ 70, ఫ్యాక్టరీ సున్నా. ఒక వారం 370, మరుసటి వారం సున్నా. ఆ సప్లయర్ ఓవర్‌టైమ్ ఇచ్చి మనుషుల్ని పెట్టుకున్నాడు, ఇప్పుడు వాళ్లకి పనిలేదు. ఇందులో ఎవరూ తప్పు చేయలేదు, అందరూ తమకు కనిపించిన అంకె ప్రకారం సరిగ్గానే నడుచుకున్నారు.

దీన్ని బుల్‌విప్ ఎఫెక్ట్ అంటారు. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జే ఫారెస్టర్ దీన్ని 1950ల చివర్లోనే గుర్తించారు. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ తన డైపర్ల ఆర్డర్లు పరిశీలించినప్పుడూ ఇదే కనిపించింది. పసిపిల్లలు డైపర్లు వాడే వేగం దాదాపు మారదు, కానీ డిస్ట్రిబ్యూటర్ల ఆర్డర్లు విపరీతంగా ఊగేవి. 1997లో హావ్ లీ, పద్మనాభన్, వాంగ్ అనే పరిశోధకులు దీనికి నాలుగు కారణాలు చెప్పారు: ఆర్డర్‌నే గిరాకీగా చదవడం, ఆర్డర్లను గుంపుగా పెట్టడం, డిస్కౌంట్ల కోసం ఒకేసారి కొనడం, కొరత వస్తుందన్న భయంతో అవసరానికి మించి అడగడం.

మీరు చేయాల్సిన పని ఇక్కడినుంచే తెలుస్తుంది. కస్టమర్ ఆర్డర్ మీద ఆధారపడకుండా ఆయన అసలు వాడకం తెలుసుకోవాలి, సప్లయర్‌కి మీ ఆర్డర్‌తో సరిపెట్టకుండా మీ అసలు వాడకం చూపించాలి.

నాలుగో అడుగు: అందరితోనూ ఒకేలా కలవకండి

వందమంది సప్లయర్లతో ఇంటిగ్రేషన్ అంటే ఎవరితోనూ కానట్టే. పీటర్ క్రాల్జిక్ అనే మేనేజ్‌మెంట్ కన్సల్టెంట్ 1983లో చూపించిన పద్ధతి ఇప్పటికీ బాగా పనికొస్తుంది. ఖర్చు ఎంత, దొరకడం ఎంత కష్టం, ఈ రెండు ప్రశ్నలతో సామాన్లను నాలుగు గుంపులు చేయాలి. ఖర్చూ ఎక్కువ, దొరకడమూ కష్టమైనవాటిని సప్లై చేసే అయిదారుగురితోనే లోతుగా కలిసి పనిచేయండి. ఖర్చు ఎక్కువైనా పదిమంది దగ్గర దొరికేవాటికి గట్టిగా రేటు మాట్లాడండి. ఖర్చు తక్కువైనా ఒక్కరి దగ్గరే దొరికేవి ప్రమాదకరం, యాభై రూపాయల సీలు యాభై వేల అసెంబ్లీని ఆపేస్తుంది. వాటికి స్టాకు ఎక్కువ పెట్టుకోండి లేదా రెండో సోర్స్ చూడండి. నట్లు, బోల్టులు, గ్లోవ్స్ లాంటివి ఒక లోకల్ డీలర్‌కి అప్పగించి, ఆయన్నే వారం వారం వచ్చి బిన్‌లు నింపి వెళ్లమనండి.

అయిదో అడుగు: సప్లయర్‌తో కలవడం

ఎంచుకున్న అయిదారుగురికి వారం వారం షెడ్యూల్ ఇవ్వండి. అందులో మూడు భాగాలు ఉండాలి. మొదటి వారం లాక్ అయిపోయింది, మార్చం. రెండు నుంచి నాలుగు వారాలది మారవచ్చు, కానీ దానికోసం ఆయన కొన్న ముడిసరుకు బాధ్యత మాది. అయిదు నుంచి పన్నెండు వారాలది అంచనా మాత్రమే. ఈ రెండో భాగంలోని హామీ రాతపూర్వకంగా ఇవ్వకపోతే ఆయన మీ అంచనాను నమ్మడు, తన సొంత అంచనా వేసుకుంటాడు. బుల్‌విప్ మళ్లీ మొదటికొస్తుంది.

లీడ్ టైమ్, అంటే ఆర్డర్ పెట్టిన రోజు నుంచి సరుకు చేరేదాకా పట్టే సమయం, తగ్గించమని అందరూ అడుగుతారు. దానికన్నా ముందు అడగాల్సింది చెప్పిన రోజుకి రమ్మని. ఎందుకో లెక్కలో చూడండి. ఒక పార్టు వారానికి సగటున 1,000 వాడతారు, వాడకంలో హెచ్చుతగ్గు 80. ఎక్సెల్‌లో గత ఆరు నెలల వారాల వాడకం పెట్టి సగటు నుంచి ఎంత తేడా వస్తోందో చెప్పే ఎస్‌టీడీఈవీ (STDEV) ఫార్ములా వేస్తే ఈ 80 లాంటి అంకె వస్తుంది. లీడ్ టైమ్ 4 వారాలు, సప్లయర్ ఠంచనుగా వస్తాడు. 95 శాతం సార్లు కొరత రాదన్న భరోసాకి అదనంగా ఉంచాల్సిన సేఫ్టీ స్టాకు, ఆ 95 శాతానికి గణాంక పట్టికలు చెప్పే 1.65ను 80తోనూ, 4 వర్గమూలమైన 2తోనూ గుణిస్తే 264 ముక్కలు. లీడ్ టైమ్ సగానికి తగ్గి 2 వారాలైతే 187. మిగిలింది 77 ముక్కలే.

అదే సప్లయర్ 4 వారాలు చెప్పి వారం అటూ ఇటూగా వస్తున్నాడనుకోండి. అప్పుడు లెక్కలో రెండు భాగాలు కలపాలి. 80 వర్గాన్ని 4తో గుణిస్తే 25,600. వారం వాడకం 1,000 వర్గాన్ని లీడ్ టైమ్ హెచ్చుతగ్గు 1 వర్గంతో గుణిస్తే 10 లక్షలు. రెండూ కలిపి వర్గమూలం తీసి 1.65తో గుణిస్తే దాదాపు 1,671 ముక్కలు. ఆ అటూ ఇటూ వారం నుంచి ఒకటిన్నర పనిరోజుకి, అంటే పావు వారానికి తగ్గితే 490 ముక్కలు చాలు. ముక్క 200 రూపాయలైతే 3.34 లక్షలు పెట్టాల్సిన చోట 98 వేలు. ఒక్క పార్టుకి ఇది. సప్లయర్‌ని రెండు శాతం రేటు తగ్గించమని గంటలు గంటలు బేరమాడేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసి చూడాలి.

మరి ఆయన ఎందుకు ఆలస్యంగా వస్తున్నాడు? ఆయన దగ్గరికి వెళ్లి చూడండి. సగానికి సగం కారణాలు మన వైపే ఉంటాయి. షెడ్యూల్ మధ్యలో మార్చి ఉంటాం, డ్రాయింగ్ రివిజన్ చెప్పి ఉండం, ముఖ్యంగా డబ్బులు ఇచ్చి ఉండం.

పేమెంట్ గురించి గట్టిగా చెప్పాలి. సప్లయర్ ముడిసరుకు కొనలేక ఆగిపోతే ఏ సాఫ్ట్‌వేరూ సరుకు తేలేదు. చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉన్నా చెల్లింపు గడువు 45 రోజులు మించకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆదాయపు పన్ను నిబంధన ఇంకా పదునైనది. గడువు దాటిన బిల్లు మొత్తాన్ని అసలు చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోవాలి. నగదు ఇబ్బంది ఉంటే ట్రెడ్స్ (చిన్న సంస్థల బిల్లులకు ముందే డబ్బు ఇప్పించే ఆన్‌లైన్) వేదికల ద్వారా బిల్లును డిస్కౌంట్ చేయించే మార్గం ఉంది. సప్లయర్‌కి డబ్బు ముందే అందుతుంది, మీరు గడువుకి ఫైనాన్షియర్‌కి కడతారు.

ముడిసరుకు ధర గురించి కూడా ముందే రాసుకోండి. స్టీలు ధర ఏ సూచిక ప్రకారం, ఎన్ని నెలలకోసారి సవరించాలో కస్టమర్‌తోనూ, సప్లయర్‌తోనూ ఒకే నిబంధన ఉండాలి. ఒకవైపు మూడు నెలలకి, ఇంకోవైపు ఆరు నెలలకి ఉంటే మధ్యలో నలిగేది మీరు.

దగ్గరి సప్లయర్లు నలుగురైదుగురు ఉంటే ప్రతివాళ్లూ సగం ఖాళీ బండి పంపే బదులు, మీ బండే ఒక చుట్టు తిరిగి అందరి దగ్గరా ఆ రోజుకి కావాల్సింది తెచ్చుకోవచ్చు. దీన్ని మిల్క్ రన్ అంటారు. అట్టపెట్టెలు పోయి తిరిగి వాడే ప్లాస్టిక్ బిన్‌లు వస్తాయి, బిన్‌కి ఇన్నే ముక్కలు అని ఖాయం కావడంతో లెక్కపెట్టే పని తగ్గుతుంది. ఖాళీ బిన్ వెనక్కి వెళ్లడమే కొత్త ఆర్డర్‌గా పెట్టుకుంటే కాన్బాన్ అనే పద్ధతి సిద్ధం.

ఒక హెచ్చరిక. బాధ్యత అప్పగించడం, కలిసి పనిచేయడం ఒకటి కాదు. బోయింగ్ తన 787 విమానానికి పెద్ద పెద్ద భాగాలను మొత్తంగా సప్లయర్లకే అప్పగించింది. వాళ్ల కింది సప్లయర్ల దగ్గర ఏం జరుగుతోందో దానికి సరిగ్గా కనిపించలేదు, ఫాస్టెనర్లకు (భాగాలను బిగించే బోల్టుల్లాంటివి) కూడా కొరత వచ్చింది. 2007 జులై 8న విమానాన్ని అట్టహాసంగా ప్రదర్శించినప్పుడు తాత్కాలిక ఫాస్టెనర్లు వాడారు. 2008లో ఇవ్వాల్సిన మొదటి విమానం 2011 సెప్టెంబరులో చేరింది. మీ ముఖ్యమైన పార్టుకి మీ సప్లయర్ ఎవరి మీద ఆధారపడుతున్నాడో కనీసం ఒక అంచె లోపలికి తెలుసుకుని ఉండండి.

ఆరో అడుగు: కస్టమర్‌తో కలవడం

పెనుకొండ దగ్గర కియా ప్లాంట్ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది, అప్పట్లో సామర్థ్యం ఏడాదికి 3 లక్షల కార్లు. దాని చుట్టూ విడిభాగాల కంపెనీలు ఎందుకు వచ్చాయంటే అలాంటి లైన్‌కి దూరం నుంచి సరుకు పంపడం అంటే రోజూ టెన్షనే. ఇలాంటి కస్టమర్లకు నేరుగా ఇచ్చినా, వాళ్ల సప్లయర్‌కి ఇచ్చినా మీ పని ఒకటే. వాళ్ల షెడ్యూల్ మీ ప్లాన్‌లోకి ఎవరూ చేత్తో మళ్లీ టైప్ చేయకుండా రావాలి. పోర్టల్ నుంచి ఫైలు దించుకుని నేరుగా ఎక్కించడంతో మొదలుపెట్టవచ్చు. డిస్పాచ్ వివరాలు బండి కదలగానే కస్టమర్‌కి చేరాలి.

కస్టమర్ అంచనాలకు ఆరు నెలలు ఒక పట్టిక పెట్టండి. రెండు నెలల ముందు ఏం చెప్పారు, చివరికి ఎంత తీసుకున్నారు. ఒకరు ఎప్పుడూ ఇరవై శాతం ఎక్కువ చెబుతారు, ఇంకొకరు చివరి వారంలో పెంచుతారు. మనిషిని బట్టి ముడిసరుకు కొనుగోలు సవరించుకోవచ్చు. ఆ పట్టికే పట్టుకుని కస్టమర్ ప్లానర్ దగ్గరికి వెళ్లండి. ఫిర్యాదుగా కాకుండా, మీ అంచనా బాగుంటే అత్యవసర పార్టులు ఇంత తగ్గుతాయని చూపిస్తే వాళ్లు వింటారు. వాళ్ల దగ్గర మీ పార్టు స్టాకు ఎంతుందో వారానికోసారి చెప్పమని అడగడం కూడా తప్పేం కాదు.

ఏడో అడుగు: సాఫ్ట్‌వేర్

ఇది ఏడోది కావడం అనుకోకుండా జరిగింది కాదు. స్టాకు అంకె తప్పుగా ఉన్న చోట ఈఆర్‌పీ, అంటే అన్ని విభాగాల లెక్కలూ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్, పెడితే తప్పు అంకె అందంగా కనిపిస్తుంది. రెండో అడుగు గట్టిపడేదాకా టాలీ, ఎక్సెల్ చాలు. ఆ తర్వాత కొనేటప్పుడు జాబ్ వర్క్ స్టాకు, డ్రాయింగ్ రివిజన్లు, బార్‌కోడ్, ఈ-ఇన్‌వాయిస్ సరిగ్గా చూస్తుందో లేదో మీ సొంత డేటాతో ఆడించి చూడండి, డెమో డేటాతో కాదు.

ఎనిమిదో అడుగు: తెగిపోతే ఏమవుతుందో ముందే చూసుకోండి

సన్నగా, బిగుతుగా నడిచే చైన్‌లో ఒక్క లింకు తెగితే అంతా ఆగుతుంది. 1997 ఫిబ్రవరి 1న జపాన్‌లో ఐసిన్ సైకీ కంపెనీ కరియా ప్లాంట్‌లో మంటలు లేచాయి. టయోటా వాడే చిన్న బ్రేకు వాల్వుల్లో దాదాపు అన్నీ అక్కడే తయారయ్యేవి, టయోటా దగ్గర ఉన్న స్టాకు కొద్ది గంటలదే. కార్ల లైన్లు ఆగిపోయాయి. అయితే అదే ఇంటిగ్రేషన్ వాళ్లని కాపాడింది కూడా. ఐసిన్ డ్రాయింగ్‌లు పంచింది, పదుల కొద్దీ కంపెనీలు తమ మెషిన్ల మీద ఆ వాల్వులు తీయడం మొదలుపెట్టాయి. వాటిలో కుట్టు మెషిన్లు చేసే బ్రదర్ కంపెనీ కూడా ఉంది. వారం రోజుల్లోనే ఉత్పత్తి మళ్లీ దారిన పడింది. ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన నమ్మకం లేకపోతే ఆ వేగం డబ్బుతో రాదు.

2011 మార్చి భూకంపం తర్వాత టయోటా తన సప్లయర్ల కింది అంచెలను కూడా మ్యాప్ చేసుకుంది, చిప్‌ల లాంటి కీలకమైనవాటికి రెండు నుంచి ఆరు నెలల స్టాకు ఉంచమని సప్లయర్లను కోరింది. 2021 చిప్‌ల కొరతలో మిగతావాళ్లకన్నా ఎక్కువ కాలం నిలబడింది. అయినా చివరికి ఆ సెప్టెంబరు ఉత్పత్తిలో 40 శాతం కోత పెట్టాల్సి వచ్చింది. స్టాకు కొంత సమయాన్ని కొనిస్తుంది, సమస్యని తీర్చదు. మీ స్థాయిలో చేయగలిగింది, ఒకే సోర్స్ ఉన్న పార్టుల జాబితా ఒక పేజీలో ఉంచుకోవడం. ఒక్కోదానికి డై (పార్టు తీసే అచ్చు) ఎవరి దగ్గర ఉంది, రెండో చోట ట్రయల్ చేసి అప్రూవల్ తీసుకోవడానికి ఎన్ని వారాలు పడుతుంది, ఆ వారాలకు సరిపడా స్టాకు ఉందా అని రాసుకోండి. డై మీ సొత్తయితే దాని మీద మీ పేరు చెక్కించి, ఒప్పందంలోనూ రాయించండి.

ఫలితాలను ఎలా చదవాలి

మొదటి మూడు నెలలు లోపలి పనికే పెట్టండి. ఆ తర్వాత ఒక సప్లయర్, ఒక పార్టుతో షెడ్యూల్ పద్ధతి మొదలుపెట్టండి. అది నాలుగు నెలలు నిలబడ్డాక మిగతావాళ్లకి. వరుస మార్చవద్దన్న మాటకి ఒక్క మినహాయింపు, కస్టమర్ వైపు పని మధ్యలోనే మొదలుపెట్టవచ్చు, ఎందుకంటే అక్కడ మాట్లాడటానికే నెలలు పడుతుంది.

ముందుగా తగ్గేది అర్జెంటు ఆటోల ఖర్చు. తర్వాత మెటీరియల్ లేక లైన్ ఆగే గంటలు. తేదీకి పంపిన శాతం ఆ తర్వాత కదులుతుంది. స్టాకు రోజులు అన్నిటికన్నా చివర తగ్గుతాయి, కొన్ని చోట్ల మొదట్లో కాస్త పెరుగుతాయి కూడా, ఎందుకంటే అంతకుముందు లేని సరైన పార్టులు ఇప్పుడు వచ్చి చేరతాయి, పాత అనవసర సరుకు ఇంకా అక్కడే ఉంటుంది. ఆ పాత సరుకును విడిగా జాబితా చేసి అమ్మేయండి, సప్లయర్ వెనక్కి తీసుకుంటే ఇచ్చేయండి, లేదా స్క్రాప్ చేయండి.

మీ స్టాకు తగ్గిందని సంతోషపడేముందు సప్లయర్ దగ్గర మీ పార్టు స్టాకు ఎన్ని రోజులది ఉందో అడగండి. మీ దగ్గర ఇరవై రోజులు తగ్గి, ఆయన దగ్గర ఇరవై రోజులు పెరిగితే చైన్‌లో ఏమీ మారలేదు. ఆ వడ్డీ ఆయన భరిస్తున్నాడు, వచ్చే ఏడాది రేటు సవరణలో అది మీ దగ్గరికే వస్తుంది. ఇద్దరి రోజులూ కలిపి ఒకే అంకెగా ప్రతి నెలా రాసుకుని, ఆ మొత్తం తగ్గుతోందో లేదో చూడండి.